దొరసానికి సంబంధం

జూన్ 4

చిన్నా,

ఎలా ఉన్నావని అడగను. నా చేతిలో పెరిగినవాడివి, ఎక్కడున్నా బాగానే ఉంటావు. నేనూ బాగానే ఉన్నాను. నీ బంట్రోతు మాత్రం పోయాడు.

సోమవారం పొద్దున దుకాణం తెరిచేసరికి అక్వేరియంలో దొరసాని ఒక్కతే తిరుగుతోంది. బంట్రోతు కాజాల మిషను కింద నేల మీద పడి ఉన్నాడు. ఎండిపోయి నారింజ తొక్కలా ఉంటే గుడ్డపీలికనుకుని చీపురుతో తోసేయబోయాను కూడా. తొట్టిలోంచి దూకేశాడు. నువ్వు వెళ్లేముందు గోడకి అంటించిన కాగితంలో ఉప్పెంత, వేడెంత, తిండెంత అన్నీ రాశావు గానీ చేప ఇల్లు వదిలి దూకితే ఏం చేయాలో రాయలేదు.

ఏడ్చానని అనుకోకు. రెండు స్కూళ్ల యూనిఫారాలు ఒకేసారి మీద పడ్డాయి. ముక్కు చీదుకోవడానికి కూడా తీరిక లేదు. ఒకావిడైతే కొడుకు ఏడాదిలో ఎంత పెరుగుతాడో తనే నిర్ణయించేసి, నిక్కరు చంకల దాకా ఉండేలా కుట్టమంటోంది.

దొరసాని సంగతే బాగాలేదు. మట్టి కుండీలోకి దూరి కూర్చుంటోంది. ఇదివరకు తిండి వేస్తే నా వేలు పట్టుకుని కొరికేది, ఇప్పుడు చూసి ఊరుకుంటోంది. దానికి మళ్లీ ఓ జోడీ తెస్తాను. ఏడేళ్లుగా ఆ ఇద్దరూ నా కటింగ్ బల్ల ఎదురుగానే కాపురం చేశారు. అది వేలెడు, వాడు దాంట్లో సగం. అది దగ్గరికి రాగానే వాడు పక్కకి ఒరిగి ఒళ్లంతా వణికించుకునేవాడు. అలాంటి బతుకు బతికినవాడు దూకి చచ్చాడంటే నాకేం ఆశ్చర్యంగా లేదు. ఈసారి తగిన సంబంధం చూస్తాను.

మీ క్యాంపుకి ఫోను అందకపోవడం ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే "సరే అక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక చస్తావా.

పళ్లు తోముకుని పడుకో.

అక్క

జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం సరుకుల లారీలో వచ్చింది. మెస్సులో నిలబడే చదివేశాను. నలభై మూడేళ్లవాణ్ణి పళ్లు తోముకోమన్నావని వెనక నిలబడ్డ ఫిట్టరు కూడా చదివేశాడు. పొద్దుట్నుంచీ క్యాంపంతా నన్ను అదే అడుగుతోంది.

బంట్రోతు పోయాడంటే మనసు పాడైపోయింది. మూత సరిగ్గా పెట్టే ఉందా? తప్పు పట్టడానికి కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ పని జోరుగా ఉంది. సొరంగం రోజుకి ఎన్ని అడుగులు లోపలికి వెళ్తే మా దీపాలు కూడా అన్ని అడుగులు వెళ్లాలి. కేబుల్ చుట్టల్ని మాకు కిందికి దించేది క్రేన్ ఆవిడ. ఇంత బరువుని గుడ్డుని దించినట్టు దించుతుంది. నిన్న ఇంజనీరు కిందనుంచి తొందర పెడుతుంటే క్రేన్ ఆవిడ మైకులో, "తమరు పైకొచ్చి దించండి, నేను కిందికొచ్చి అరుస్తాను" అంది. సొరంగం అంతా ఒకటే నవ్వు. క్రేన్ ఆవిడ మాత్రం నవ్వలేదు, పని చూసుకుంది. నీ ఉత్తరం సంగతి చెప్తే, జోడీ తేవాలనుకోవడం మంచిదేనని క్రేన్ ఆవిడ కూడా అంది.

తెచ్చిన చేపని ముందు రెండు వారాలు వేరే టబ్బులో, అదే ఉప్పు నీళ్లలో ఉంచు. జబ్బులేమైనా ఉంటే బయటపడతాయి. తర్వాత చిల్లుల డబ్బాలో పెట్టి, డబ్బాతో సహా పెద్ద తొట్టిలో వేలాడదీయి. అవి చూసుకోవాలి గానీ ముట్టుకోకూడదు. కనీసం పది రోజులు అలా ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. లారీ హారను కొడుతోంది, రాసే టైము లేదు. నా తర్వాతి ఉత్తరం వచ్చేదాకా చేపని కొనకు.

చిన్న

జూన్ 20

చిన్నా,

కొనేశాను. నీ లారీలు వచ్చేదాకా ఆగితే దొరసాని ఆకలితో పోయేలా ఉంది.

నేనేమీ గుడ్డిగా కొనలేదు. దొరసానిని తొట్టి అద్దం మీద టేపు ఆనించి కొలిచాను. మూడుంపావు అంగుళాలు. కొట్టులో ఉన్న పద్దెనిమిది చేపల్నీ అలాగే కొలిచాను. కొట్టువాడు ముందు వింతగా చూశాడు, తర్వాత వాడే టేపు రెండో కొస పట్టుకున్నాడు. అన్నిట్లోకీ పెద్దవాణ్ణి ఏరాను. మూడుంముప్పావు. ఇంత ఛాతీ, పట్టీలు గీత గీసినట్టు తిన్నగా. నిక్షేపంలాంటి పెళ్లికొడుకు. దొరసాని పక్కన నిలబడితే ఈడూ జోడూ కుదిరిందనిపించాలి కదా.

టబ్బు, చిల్లుల డబ్బా ఏవీ పెట్టలేదు. ఇంటికి పిలిచినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం నాకు చేతకాదు. నేరుగా తొట్టిలోకి వదిలాను.

ఇప్పుడు తిట్టకుండా చదువు. పది నిమిషాలు కూడా కాలేదు. రెండూ నోళ్లు పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఇద్దరిలో ఎవరూ తగ్గరు. కొలతలు ఇద్దామని వచ్చిన ఒక పెద్దమనిషి అది చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. టీ జల్లెడ పట్టుకుని మోచేతుల దాకా చేతులు పెట్టి విడదీశాను. చేతికి నాలుగు చోట్ల కాట్లు పడ్డాయి. పెళ్లికొడుకు టబ్బులో ఉన్నాడు. తోక పీలికలైంది. నేను కుట్టలేని గుడ్డ అదొక్కటే.

దొరసాని మాత్రం ఆ సాయంత్రమే కుండీలోంచి బయటికొచ్చి కడుపునిండా తింది. కోపం వస్తే ఆకలేసే రకం, నాలాగే.

ఇంకోమాట. ఎవరా క్రేన్ ఆవిడ? నీ ఉత్తరంలో ఆవిడ ఐదుసార్లు కాకపోయినా నాలుగుసార్లు వచ్చింది. నువ్వు పనిచేసే సొరంగం రెండుసార్లే వచ్చింది.

మూత పెట్టే ఉంది. ఎందుకు పెట్టను?

అక్క

జూన్ 27

అక్కా,

ఆగమన్నాను. నా మాట ఒక్కసారి వింటే ఆ చేప తోక మిగిలేది.

నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన సంగతి ఇదీ. ఆ క్లౌన్ చేపల జాతిలో పెద్దదే ఆడది. మగది ఎప్పుడూ చిన్నదే. నువ్వు ఏరి ఏరి కొలిచి తెచ్చినవాడు పెళ్లికొడుకు కాదు, ఇంకో దొరసాని. ఒక తొట్టిలో ఇద్దరు దొరసానులుంటే చచ్చేదాకా కొట్టుకుంటారు. దాన్ని కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్. ఉన్నవాటిలో బాగా చిన్నది, ఎవరి జోలికీ పోకుండా మూల తిరిగేది తెచ్చుకో. బంట్రోతు వణుకుతూ బతికాడని నువ్వు జాలిపడుతున్నావు గానీ వాడు ఆ ఇంట్లో హాయిగా బతికాడు. పెద్దదాని ముందు వణకడం వాళ్ల మాట. "నీతో పోట్లాటకి రాలేదు, ఉండనియ్" అని చెప్పడం. మొగుడే పెద్దగా ఉండాలని చేపలకి ఎవరూ చెప్పలేదక్కా.

నువ్వు ఎలాగూ లెక్కపెట్టావు కాబట్టి ఇక దాచను. క్రేన్ ఆవిడకి నలభై తొమ్మిది. నాకన్నా ఆరేళ్లు పెద్ద. చెప్పులు లేకుండా నిలబడినా నాకన్నా రెండు అంగుళాలు పొడుగు. మొదటి పెళ్లి పదిహేనేళ్ల కిందటే తెగిపోయింది. పిల్లల్లేరు. కబుర్లు తక్కువ, నవ్వితే మాత్రం క్యాంపు రెండో కొస దాకా వినపడుతుంది. ఆగస్టు 20న పొద్దున పదకొండింటికి ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసులో మేం సంతకాలు పెడుతున్నాం.

నిన్ను అడగడం లేదక్కా, చెప్తున్నాను. రమ్మని మాత్రం అడుగుతున్నాను.

నీ తమ్ముడు

జూలై 5

చిన్నా,

ఇంత తెలివి నీకెక్కడిదిరా? పెళ్లాం పెద్దదై ఉండాలి, పొడుగై ఉండాలి, మొగుడు చిన్నవాడై మూల తిరగాలి. అందుకు సాక్ష్యం చేపలు. నన్ను ఒప్పించడానికి సముద్రం దాకా వెళ్లావు. ముందు నీ మాట నమ్మలేదు.

బుధవారం స్కూలు సైన్సు టీచరమ్మ కొలతల జాబితా పట్టుకుని వస్తే కూర్చోబెట్టి అడిగాను. "అవునండీ, మీ తమ్ముడు చెప్పింది నిజమే" అంది. "అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది పోతే దాని తర్వాతది ఆడదైపోతుంది." కాసేపు కత్తెర ఆడలేదు నాకు. అంటే దొరసాని కూడా ఒకప్పుడు ఎవరి ముందో వణికిన బంట్రోతేనన్నమాట. దాన్ని చూసి అలా అనుకోగలమా?

సరే, చేపల విషయంలో నువ్వు గెలిచావు. ఆ పెద్దదాన్ని తిరిగి ఇచ్చేశాను. అంగుళంపావుదాన్ని తెచ్చి టబ్బులో ఉంచాను. ఈసారి రెండు వారాలకి ఒక్క రోజు తక్కువ కాదు.

మనుషుల విషయం వేరు. నువ్వు తొమ్మిదేళ్లవాడివి, నేను ఇరవై ఏళ్లదాన్ని. ఒకే ఏడాదిలో అమ్మా నాన్నా పోతే ఈ దుకాణం తలుపులు తెరిచింది నేను. సంబంధమంటూ వచ్చిన ప్రతివాడూ మొదట అడిగింది, తమ్ముడు ఎక్కడుంటాడనే. మా తమ్ముడు నాతోనే ఉంటాడు, నువ్వెక్కడుంటావో చూసుకో అని పంపేశాను. అందుకు ఒక్కరోజు కూడా విచారించలేదు, నువ్వూ విచారించక్కర్లేదు. కానీ ఇంత చేసినదాన్ని, నా చెవిన అందరికన్నా చివర్లో వేస్తావా? తేదీ, టైము అన్నీ పెట్టుకున్నాక?

లైబ్రరీ అమ్మాయి విషయంలోనూ ఇలాగే ఎగిరావు. రెండు నెలలకి నువ్వే చల్లబడ్డావు. ఇదీ అంతే. నేను రాను.

అక్క

జూలై 12

అక్కా,

నేను చల్లబడలేదు. నువ్వు లైబ్రరీకి వెళ్లి ఆ అమ్మాయితో మాట్లాడిన మర్నాటి నుంచి, నేను లోపలికి వస్తే తను అరల వెనక్కి వెళ్లిపోయేది. రెండు నెలలు రోజూ వెళ్లాను. చదవని పుస్తకాలు తెచ్చుకుని, చదవకుండానే తిరిగిచ్చాను. తనకి నువ్వేం చెప్పావో అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగను. తను వేరే ఊరు మారిపోయింది. పదకొండేళ్లయింది.

క్రేన్ ఆవిడతో నువ్వు మాట్లాడాలనుకుంటే నిచ్చెన ఎక్కాలి. నూట పన్నెండు మెట్లు. ఎక్కి ఏం చెప్పినా తను దాక్కోదు.

అమ్మా నాన్నా పోయాక నువ్వు చేసింది నాకు తెలుసు. ఎవరైనా నీ గురించి ఒక్కమాట తక్కువ చేస్తే ఊరుకోను. కానీ దానికి బదులుగా నా బతుకంతా నీ చేతిలో పెట్టడం ఇక నావల్ల కాదు. రాకపోతే మానెయ్. తేదీ మారదు.

చేపకి ఇప్పటిదాకా జబ్బేమీ రాలేదంటే బాగున్నట్టే. డబ్బా వేలాడదీసేముందు టబ్బు నీళ్లు, తొట్టి నీళ్లు ఒకే వేడిలో ఉన్నాయో లేదో చూసుకో.

చిన్న

జూలై 30

చిన్నా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. చదివి మిషను సొరుగులో బాబిన్ల కింద పడేశాను. జవాబు రాయకూడదనుకున్నాను. చేప గురించి చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

టబ్బులో రెండు వారాలు సరిగ్గా ఉంచాను. పెరుగు డబ్బాకి కాల్చిన సూదితో చిల్లులు పొడిచి దాన్ని అందులో పెట్టి తొట్టిలో వేలాడదీశాను. మొదటి మూడు రోజులూ దొరసాని వచ్చి డబ్బాని ముట్టెతో పొడిచింది. టక్కు టక్కుమని చప్పుడు. మిషను ఆపితే అదే వినపడేది. నాలుగో రోజు ఊరికే వచ్చి చూసి వెళ్లింది. వారమయ్యేసరికి డబ్బా కిందనే పడుకోవడం మొదలుపెట్టింది. పది రోజులూ గడిచాక నిన్న మధ్యాహ్నం దుకాణం మూసి, తెరలు దించి, తొట్టి దీపం ఆర్పి, డబ్బాని వంచాను.

బుల్లిది బయటికొచ్చింది. దొరసాని బాణంలా మీదకొచ్చింది. జల్లెడ చేతిలోనే ఉంది. అప్పుడు ఆ బుల్లిది పక్కకి ఒరిగిపోయి, తల నుంచి తోక దాకా వణకడం మొదలుపెట్టింది. దొరసాని ఆగింది. చుట్టూ తిరిగి చూసింది. మళ్లీ దగ్గరికొస్తే మళ్లీ వణికింది. అలా ఎన్నిసార్లో. సాయంత్రానికి దాన్ని తన కుండీ దగ్గరికి రానిచ్చింది.

నువ్వు చెప్పినట్టే జరిగింది. అందుకు సంతోషించాలి. కానీ ఆ వణుకు నేను చూడలేకపోయాను. అంత చిన్న ప్రాణి, వచ్చీ రాగానే, తప్పేం చేసిందని? అలా వణికితే గానీ ఉండనివ్వని ఇల్లు ఏం ఇల్లు? నా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ ఎన్నడూ అలా వణకలేదు.

ఇక లైబ్రరీ సంగతి. అడగనన్నావు, అయినా చెప్తాను. నేను ఆ అమ్మాయికి నీ మీద ఏ చాడీలూ చెప్పలేదు. ఒక్కటే అడిగాను. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చీకటంటే భయం, దీపం ఆర్పితే నిద్రపోడు, నువ్వు వెలుతురులో పడుకోగలవా అని. ఆ అమ్మాయి నవ్వింది. ముప్పై ఏళ్లు దాటినవాడికి ఇంకా భయమా అని నవ్వింది. నీ భయానికి నవ్వినదానికి నిన్నెలా ఇవ్వను? మళ్లీ మా వాడి వైపు చూడొద్దన్నాను. ఇప్పుడైనా అదే అంటాను.

అక్క

ఆగస్టు 6

అక్కా,

నీ ఇంట్లో ఎవరూ వణకలేదని రాశావు. నేను వణికాను.

జుట్టు నువ్వు చెప్పినంతే కత్తిరించుకున్నాను. ఎలక్ట్రీషియన్ పని నువ్వు ఎంచితే నేర్చుకున్నాను. చొక్కా రంగు నువ్వు కోసిన గుడ్డని బట్టే. ఫోనులో "సరే అక్కా" అని పెట్టేస్తానని కోప్పడతావే, అదే నా పక్కకి ఒరగడం. నీతో పోట్లాటకి రాలేదు, ఉండనియ్ అని చెప్పడం. నువ్వు ఎప్పుడూ కొరకలేదు. కొరకాల్సిన అవసరమే నీకు రానివ్వలేదు నేను. ఈ సొరంగం పనికి మిగతావాళ్లంతా రామంటే చెయ్యెత్తి వచ్చాను. ఎందుకో నువ్వు అడగలేదు.

చీకటి సంగతి విను. నాకు చీకటంటే భయం పోయి ఎన్నేళ్లో అయింది. పదకొండో ఏటే పోయింది. కానీ రోజూ పనయ్యాక నువ్వు వచ్చి దీపం వెలిగే ఉందో లేదో చూసి, తల నిమిరి వెళ్లేదానివి. ఇక అక్కర్లేదని నీతో చెప్పడానికి నోరు రాలేదు. వెలుతురులో నాకు నిద్ర పట్టేది కాదక్కా. మొహం మీద దుప్పటి లాక్కుని ముప్పై ఏళ్లు పడుకున్నాను. ఇక్కడ మొదటి వారం, రేకుల షెడ్డులో, కటిక చీకట్లో, ఎనిమిది గంటలు మెలకువ రాకుండా పడుకున్నాను.

ఆ అమ్మాయి నవ్విందంటే నవ్వక ఏం చేస్తుంది? నేను తనకి చెప్పి ఉండాల్సింది. నీకూ చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే. ఇక చేయను.

ఆగస్టు 20. పదకొండింటికి. సాక్షులు ఇద్దరు కావాలి. ఒకడు ఫిట్టరు. రెండో కుర్చీ నీకోసం ఉంచాను.

నీ తమ్ముడు

ఆగస్టు 20

అక్కా,

రెండు లారీలు వచ్చాయి. నీ దగ్గర నుంచి ఒక్క అక్షరం లేదు. ఇవాళ రిజిస్ట్రారు ఆఫీసులో పదకొండున్నర దాకా గుమ్మం వైపు చూశాను. గుమాస్తా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. క్రేన్ ఆవిడ నా చెవిలో, "ఇంకో అరగంట ఆగుదామా? నాకేం తొందర లేదు" అంది. ఆగితే ఇంకో అరగంట కాదు, ఇంకో పదకొండేళ్లు ఆగుతానని నాకు తెలుసు.

రెండో కుర్చీలో మెస్సు వంటావిడని కూర్చోబెట్టి సంతకం పెట్టేశాను. చెయ్యి వణకలేదు.

నీకు కోపంగా ఉంటే ఉండు. నాకూ ఉంది. కోపం చల్లారాక కూడా ఇది ఇలాగే ఉంటుంది.

చిన్న

ఆగస్టు 21

చిన్నా,

నిన్నటితో ఇరవయ్యో తారీఖు అయిపోయింది. ఇప్పుడు రాయొచ్చు.

నీ ఆరో తారీఖు ఉత్తరం వచ్చిన రోజు ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ముప్పై నాలుగేళ్లలో నేను అలా కుట్టలేదు. ముందు బాగా కోపం వచ్చింది. దుప్పటి కప్పుకుని పడుకున్నాడట, ముప్పై ఏళ్లు. నోరు పడిపోయిందా నీకు? ఒక్కమాట చెప్తే ఆర్పేసి నేనూ హాయిగా పడుకునేదాన్ని కదరా. నీ దీపం కోసమని రోజూ రెండుసార్లు లేచేదాన్ని. తర్వాత ఏడ్చాను. ఈసారి తీరిక చేసుకుని ఏడ్చాను.

నీకు జవాబు నాలుగుసార్లు రాశాను. వస్తున్నానని ఒకటి, రానని ఒకటి, ఆవిణ్ణి ముందు నాకు చూపించమని ఒకటి, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, నా దీవెన ఉంది అని ఒకటి. ఆ ఆఖరిదాన్ని పోస్టు డబ్బాలో సగం దాకా దూర్చి మళ్లీ లాగేశాను. అది అందితే నువ్వు "సరే అక్కా" అనుకుని సంతకం పెడతావు. అప్పుడు ఆ సంతకం కూడా నేనే పెట్టించినట్టు. వస్తే ఇంకా అన్యాయం. కలం పట్టుకున్నాక నువ్వు ముందు నా మొహం వైపు చూస్తావు. నీ సంగతి నాకు తెలియదా? చూడకూడదు. నేను ఔననకుండా, కాదనకుండా, అసలు లేకుండా నువ్వు ఒక్క పనైనా చేయాలి. అందుకే రాలేదు, అందుకే రాయలేదు. అలిగి కాదు.

నిన్న పదకొండింటికి దుకాణం తెరిచే ఉంచాను. కూర్చుంటే బస్సెక్కేస్తానని భయమేసి, పన్నెండు దాకా కాలర్లు కోస్తూనే ఉన్నాను. సైన్సు టీచరమ్మ వచ్చి, ఇన్ని కాలర్లు ఎవరికని అడిగింది. ఎవరికో నాకూ తెలియదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మూత నేనే తీశాను. ఆదివారం సాయంత్రం తిండి వేస్తుంటే ఎవరో పిలిచారు, వెళ్లి మరిచిపోయాను. బంట్రోతు బతుకు మీద విసిగి దూకలేదు. మూత లేక దూకాడు. నువ్వు అడిగితే పెట్టే ఉందని అబద్ధం చెప్పాను.

కొత్తవాడు తింటున్నాడు. దొరసాని వాణ్ణి కుండీలోపలికి రానిచ్చింది. వణుకు ఇంకా ఉంది, కాస్త తగ్గింది. చేపల పద్ధతి అంతేనంది టీచరమ్మ. కానివ్వు, అది వాళ్ల గొడవ.

నువ్వు సంతకం పెట్టావో లేదో నాకు తెలియదు. పెట్టకుండా నాకోసం చూస్తూ కూర్చుని ఉంటే, లే, ఇప్పుడే వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకో. పెట్టేసి ఉంటే, ఆ నూట పన్నెండు మెట్లెక్కి నేనేమీ అడగనని మా మరదలికి చెప్పు. ఆవిడ వస్తానంటే రావచ్చు. రాకపోయినా నేను లెక్కపెట్టను.

ఏం జరిగిందో వెంటనే రాయి. వద్దు, నీకు రాయాలనిపించినప్పుడే రాయి.

అక్క